కలిసి నడిచేవాళ్ళు

మొన్న సంక్రాంతికి మా పెద్దమ్మాయి హైదరాబాదు నించి వచ్చింది. భోగి ముందు రోజు నేనూ మా అత్తయ్యగారూ వంటింట్లో అరిసెల పాకంతో కుస్తీ పడుతున్నాం. ఇదేమో గదిలో మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూచుంది. కాస్త పిండి కలపడానికి రమ్మందామని వెళ్ళి చూద్దును కదా, కళ్ళు తుడుచుకుంటోంది!

పెళ్ళీడుకొచ్చిన పిల్ల ఒంటరిగా కూచుని కళ్ళు తుడుచుకుంటుంటే తల్లి గుండె ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదమ్మా. జహీరా వాళ్ళింటికి వెళ్ళాను. ముసలావిడైపోయింది పాపం. ఇంటి నిండా పిల్లలు."

జహీరా ఎవరు? ఆఫీసులో స్నేహితురాలా, హాస్టల్లో ఆంటీయా? లాప్‌టాప్ నా వైపు తిప్పింది. బొమ్మలో నెరిసిన జుట్టుతో ఒకావిడ నిలబడి ఉంది. అది వీడియో గేమ్. ఇంత భయపెట్టినందుకు ముందు నాలుగు తిట్టి, పిండి దగ్గరికి లాక్కెళ్ళాను. కానీ ఒక గేమ్‌లో ముసలావిడ ఇంటికి వెళ్తే ఏడుపెందుకు వస్తుందన్న ప్రశ్న మాత్రం పాకంలా పట్టుకుంది నన్ను. పండగ నాలుగు రోజులూ దాన్ని కూచోబెట్టి చెప్పించుకున్నాను. చదివింది బి.ఏ. తెలుగు కదా, కథ అనేసరికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. దాని దగ్గర విన్నదీ, తర్వాత నేను వెతుక్కుని చదువుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు ఆ తెర ముందు ఏం చేస్తున్నారో మనకీ కాస్త తెలియాలి కదా.

ముందు ఈ ఆటలేమిటో చెప్తాను. వీటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. మనం ఒక పాత్ర అవుతాం. ఒంటరిగా కాదు, నలుగురో ఆరుగురో జట్టుగా వెళ్తాం. దారిలో ఒక్కొక్కళ్ళే కలుస్తారు. ఒకడు మంత్రగాడు, ఒకామె విలుకత్తె, ఇంకొకడు దొంగ. వాళ్ళని కంపానియన్స్ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలా అని ఆలోచిస్తే మనకి చక్కటి మాటే ఉంది, సహచరులు. సహ అంటే కలిసి, చరించడం అంటే తిరగడం. కలిసి నడిచేవాళ్ళన్న మాట. మన పెళ్ళిలో సప్తపది కూడా అదేగా! ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహితులైనట్టే అన్నారు పెద్దలు. అసలు ఈ ఆటల్లో ప్రేమ కథలన్నీ పుట్టింది ఆ నడకలోంచేనని నాకు వింటున్నకొద్దీ అనిపించింది.

మొదట్లో అయితే ప్రేమా లేదు, మాటా లేదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. అది కంప్యూటర్ ఆట కాదు. మనం అష్టాచెమ్మాకి చుట్టూ కూచున్నట్టు స్నేహితులు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ కథ చెప్పుకుంటూ ఆడే ఆట. అక్కడ సహచరులంటే పక్కన కూచున్న మనుషులే కాబట్టి మాటలకి కొదవ లేదు. అది కంప్యూటర్‌లోకి వచ్చేసరికి మనుషులు పోయి అంకెలు మిగిలాయి. 1981లో వచ్చిన విజార్డ్రీలో ఆరుగురిని మనమే తయారు చేసుకోవాలి. బలం ఇంత, తెలివి ఇంత అని అంకెలు వేసుకోవడమే. వాళ్ళు నోరు విప్పరు. చచ్చిపోతే ఇంకొకర్ని చేసుకోవడం. మా అమ్మాయి మాటల్లో చెప్పాలంటే "రేషన్ కార్డులో పేర్లలా ఉంటారమ్మా."

ఆ అంకెల మధ్యకి సంసారాన్ని తెచ్చినవాళ్ళలో జపాన్ వాళ్ళు ముందున్నారు. సెగా కంపెనీ 1990లో తెచ్చిన ఫాంటసీ స్టార్ 3 అనే ఆటలో కథ మూడు తరాలు నడుస్తుంది. ఒక తరం అయ్యేసరికి హీరో ఇద్దరమ్మాయిల్లో ఒకర్ని పెళ్ళి చేసుకోవాలి. ఎవర్ని చేసుకుంటే ఆ తల్లి కడుపున పుట్టిన బిడ్డతో తర్వాతి తరం కథ మొదలవుతుంది. రెండో తరంలో మళ్ళీ అదే ఎంపిక. మన వంశవృక్షం లెక్కే!

1992లో డ్రాగన్ క్వెస్ట్ 5 వచ్చింది. యూజీ హోరీ అనే ఆయన కథ. ఇది వింటున్నప్పుడు మా అత్తయ్యగారు కూడా అరిసెలు వత్తడం ఆపేసి విన్నారు. చిన్నప్పుడు హీరో తండ్రి వెంట ఊళ్ళు తిరుగుతాడు. బియాంకా అనే పిల్లతో ఆడుకుంటాడు. కళ్ళ ముందే తండ్రి చనిపోతాడు. బానిసగా రాళ్ళు మోస్తూ పెద్దవాడవుతాడు. తర్వాత ఒక ధనవంతుడు తన కూతురు ఫ్లోరాకి సంబంధం చూస్తుంటాడు. ఆయన దగ్గరున్న డాలు హీరోకి కావాలి. అందుకని వెళ్తాడు. సరిగ్గా అప్పుడే చిన్ననాటి బియాంకా మళ్ళీ కలుస్తుంది. ఇద్దరిలో ఎవరో ఒకర్ని ఎంచుకోమంటారు. ఆ రాత్రి నిద్ర పట్టదు అతనికి. ఊరంతా తిరుగుతూ ఇద్దరితోనూ మాట్లాడచ్చు.

"డబ్బున్న పిల్లనే చేసుకోవాలి. డాలూ వస్తుంది, పడవా వస్తుంది" అన్నారు మా అత్తయ్యగారు.

"బియాంకాని చేసుకున్నా ఆ మామగారు అవి ఇచ్చేస్తారు నానమ్మా" అంది మా పిల్ల.

"అంత మంచివాడైతే ఆయన పిల్లనే చేసుకోవాలి!" అన్నారావిడ. ఇంక మేం నవ్వలేక చచ్చాం.

ఎవర్ని చేసుకున్నా ఆ భార్య జట్టులో చేరి పక్కన నిలబడి పోరాడుతుంది. కవల పిల్లలు పుడతారు. వాళ్ళ జుట్టు రంగు తల్లిని బట్టి ఉంటుంది. తర్వాత హీరో శాపం తగిలి రాయైపోతాడు. ఎవరింట్లోనో బొమ్మలా ఎనిమిదేళ్ళు నిలబడి ఉంటాడు. చివరికి పెరిగిన పిల్లలొచ్చి తండ్రిని మామూలు మనిషిని చేస్తారు. ఇంతసేపూ లోకాన్ని రక్షించే వీరుడు తనే అనుకుంటాం కదా, కాదు, ఆ వీరుడు అతని కొడుకు! పెళ్ళితో కథ సుఖాంతం చేసేసే సినిమాలు చూసి పెరిగినదాన్ని నేను. ఈ ఆటలో పెళ్ళి కథకి సగంలో వస్తుంది. నాకు నచ్చిందల్లా అదే.

అదే 1992లో అమెరికాలో ట్రెజర్స్ ఆఫ్ ద సావేజ్ ఫ్రాంటియర్ అనే ఆటలో మన జట్టులో చేరిన మనిషి మన పాత్ర మీద మనసు పడే ఏర్పాటు పెట్టారు. 1997లో ఫైనల్ ఫాంటసీ 7 వచ్చింది. అందులో మనం ఎవరితో ఎలా మాట్లాడామో లోపల్లోపల మార్కులు వేస్తూ, ఒక తిరనాల లాంటి చోట ఎవరు మనతో షికారుకి వస్తారో ఆ మార్కుల ప్రకారం తేలుస్తారు. ఆ ఆటలోనే ఏరిత్ అనే అమ్మాయిని విలన్ చంపేస్తాడు. జట్టులో కలిసి నడిచిన పిల్ల, వైద్యం చేసిన పిల్ల, ఇక ఉండదు. ఎంత బాగా ఆడినా తిరిగి రాదు. లోకమంతటా పిల్లలు దానికి ఏడ్చారట. విజార్డ్రీలో చచ్చిపోయినవాడికి ఎవరు ఏడ్చారు?

ఇప్పుడు జహీరా దగ్గరికి వస్తాను.

కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్ళో 1995లో బయోవేర్ అనే కంపెనీ పెట్టారు. పెట్టినవాళ్ళలో రే ముజికా, గ్రెగ్ జెష్చుక్ చదివింది వైద్యం. డాక్టర్లు గేమ్స్ చెయ్యడమేమిటో! మన పిల్లలు మెడిసిన్ సీటు వదిలేసి గేమ్స్ చేస్తానంటే ఇంట్లో ఏమయ్యేదో ఊహించుకోండి. వాళ్ళు 1998లో బాల్డర్స్ గేట్ అనే ఆట తెచ్చారు. అందులో ఇరవై అయిదుమంది సహచరులు. దారిలో ఒక సత్రంలో హీరో పెంపుడు తండ్రి స్నేహితులైన భార్యాభర్తలు కలుస్తారు. భర్త ఖాలిద్, నత్తి, నెమ్మదస్తుడు, కాస్త పిరికి. భార్య జహీరా, నోరు గట్టిది. ఆయన్ని అదిలిస్తూ ఉంటుంది, ఆయన సర్దుకుంటూ ఉంటాడు. మన వీధిలో ఇలాంటి జంట ఒకటైనా ఉంటుంది. ఆటలో ఒక ముచ్చటైన నియమం ఉంది. ఇద్దరిలో ఒకర్ని జట్టులోంచి వెళ్ళమంటే రెండోవారు కూడా వెళ్ళిపోతారు. ప్రేమ గురించి వాళ్ళు ఉపన్యాసాలేం చెప్పరు. ఆ ఒక్క నియమంలోనే కాపురమంతా ఉంది.

2000లో రెండో భాగం వచ్చింది. మొదలవడమే చెరసాలలో. జహీరా బోనులో ఉంటుంది. విడిపించి వెళ్తుంటే ఖాలిద్ శవం కనిపిస్తుంది, చిత్రహింసలు పెట్టి చంపేశారు. ఆవిడ దుఃఖం చూసి మనం ముందుకి నడవాలి. తర్వాత రోజులు గడుస్తాయి. అడవుల్లో, సత్రాల్లో మధ్యమధ్య ఆవిడ మనతో మాట్లాడుతుంది. ఆ మాటలకి ఆట లోపల గడియారం ఉంది. ఇంత సమయం కలిసి నడిస్తే గానీ తర్వాతి మాట రాదు. మగ పాత్రతో ఆడుతుంటే, మనం ఓపికగా, గౌరవంగా జవాబులు చెప్తే, ఆవిడ మనసు మెల్లిగా మళ్ళీ చిగురిస్తుంది. ఒక్క తప్పు మాట అంటే ఆ దారి మూసుకుపోతుంది. ఇక ఎప్పటికీ తెరుచుకోదు.

"అప్పుడేనా?" అన్నాను నేను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. "భర్త పోయి ఎన్నాళ్ళైందని?"

మా అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది. ఏమీ అనలేదు. ఆ మాట దగ్గర నేను కూడా ఆగిపోయాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ రెండో బాల్డర్స్ గేట్‌లో ప్రేమించడానికి నలుగురు సహచరులున్నారు. మగ హీరోకి ముగ్గురు ఆడవాళ్ళు. జహీరా, రెక్కలు నరికేసి సర్కస్‌లో బందీగా పెట్టిన ఏరీ, అందరూ అసహ్యించుకునే జాతిలో పుట్టిన వికోనియా. మరి ఆడ హీరోకి? ఒక్కడు, ఆనోమెన్. గొప్పలు చెప్పుకుంటాడు, వీరుడిగా గుర్తింపు కోసం తహతహలాడతాడు. చెల్లెల్ని ఎవరో చంపేస్తారు, పగ తీర్చుకొమ్మని తండ్రి ఒత్తిడి చేస్తాడు. ఆ సమయంలో మనం చెప్పిన సలహాని బట్టి అతని బతుకు ఇటో అటో తిరుగుతుంది. కథ మంచిదే గానీ, ముగ్గురికి ఒకడు! పైగా కొన్ని జాతుల్లో పుట్టిన పాత్రలకి ఈ ప్రేమ దారులు మూసే ఉంచారు. పెళ్ళిళ్ళ పేరయ్య పుస్తకంలాగే ఉంది ఇదీ అనుకున్నాను.

ఆ కంపెనీ తర్వాత పదేళ్ళలో చేసిన పనంతా ఆ పుస్తకాన్ని కొంచెం కొంచెం దిద్దడమే అనిపిస్తుంది. 2003లో స్టార్ వార్స్ కథతో చేసిన ఆటలో ఆడ హీరోకి కార్త్, మగ హీరోకి బాస్టిలా అని సమానం చేశారు. 2007లో మాస్ ఎఫెక్ట్ వచ్చింది. అందులో గారస్ అనే స్నేహితుడుంటాడు, మనిషి కాదు, ముఖం పక్షికీ బల్లికీ మధ్యలో ఉంటుంది. ఆడేవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, అతనంటే ఎంత ఇష్టమైపోయిందంటే 2010లో రెండో భాగంలో అతన్ని ప్రేమించే దారి పెట్టారు. ఆ ముఖంలో ఏముందే అని అడిగాను. "నమ్మకమమ్మా" అంది. ఇంక మాట్లాడలేదు నేను.

2009లో డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్ వచ్చింది. ఇందులో ప్రతి సహచరుడికీ మన మీద ఎంత సదభిప్రాయం ఉందో ఒక కొలబద్ద మీద కనిపిస్తుంది. సున్నా నించి పైకి వంద, కిందికి వంద. కానుకలిస్తే అంకె పెరుగుతుంది. ఇది వినగానే నాకు చిరాకేసింది. చీర కొనిస్తే పది మార్కులు, గొలుసు కొనిస్తే ఇరవయ్యా? ఇదేం ప్రేమ? అప్పుడు రెండు కానుకల సంగతి చెప్పింది మా అమ్మాయి.

ఆలిస్టర్ అనే అతనికి తల్లి గుర్తు ఒకే ఒక లాకెట్. చిన్నప్పుడు కోపంలో గోడకేసి కొట్టి పగలగొట్టేశాడు. అది పోయిందనుకుంటాడు. పెంచినాయన దాన్ని ముక్కలేరి అతికించి దాచాడని మనకి ఒక కోటలో దొరికినప్పుడు తెలుస్తుంది. మోరిగన్ అనే మంత్రగత్తె చిన్నప్పుడు ఒక బంగారు అద్దం మీద ఆశపడి దొంగిలించి తెస్తే, తల్లి దాన్ని నేలకేసి కొట్టింది. పెద్దయ్యాక ఎవరినీ లెక్క చెయ్యని మోరిగన్‌కి మనం అలాంటి అద్దం తెచ్చిస్తే ఏమనాలో తెలియక తడబడుతుంది. ఈ కానుకలు ఇవ్వాలంటే ముందు వాళ్ళు చెప్పింది విని ఉండాలి. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో మా వారు నాకు కొన్న నగలు ఎప్పుడు కొన్నారో నాకు గుర్తుండదు. నేనెప్పుడో మాటల్లో అన్న పాత తెలుగు వాచకం ఒకటి, సెకండ్ హ్యాండ్ పుస్తకాల కొట్లో వెతికి తెచ్చిన రోజు మాత్రం తేదీతో సహా గుర్తుంది.

ఆ ఆటలో మన పాత్ర ఏ కులంలో, ఏ ఇంట్లో పుట్టాలో ముందే ఎంచుకోవచ్చు. ఆరు రకాల పుట్టుకలున్నాయి. మా అమ్మాయి ఎంచుకున్నది ఊరి చివర గోడ కట్టి వేరుగా ఉంచిన పేటలో ఎల్ఫ్ పిల్ల. కథ మొదలయ్యేది ఆ పిల్ల పెళ్ళి రోజున! పెద్దలు కుదిర్చిన పెళ్ళి. పెళ్ళికొడుకు నెలారోస్‌ని అదే మొదటిసారి చూడటం. పెళ్ళి జరుగుతుండగా దొరగారి కొడుకు వచ్చి పెళ్ళికూతుళ్ళని ఎత్తుకుపోతాడు. పరిచయమై పూట కూడా గడవని ఆ పెళ్ళికొడుకు ఆమె కోసం కోటలోకి వచ్చి ప్రాణం పోగొట్టుకుంటాడు. తర్వాత కథంతా నడిచి, ఆలిస్టర్‌ని ప్రేమిస్తే, అతను రాజయ్యాక ఆమెని పెళ్ళి చేసుకోడు. మనుషుల్లో జమీందారీ ఇంట పుట్టిన ఆడపిల్లకే రాణి అయ్యే దారి ఉంది. ఎంత ప్రేమైనా, ఎన్ని మార్కులున్నా పుట్టుక దగ్గర ఆగిపోతుంది. "మన ఊళ్ళాగే ఉందమ్మా" అంది మా అమ్మాయి. ఏం జవాబు చెప్పను?

2011లో వచ్చిన డ్రాగన్ ఏజ్ 2లో కొలబద్దనే మార్చేశారు. ఒక వైపు స్నేహం, రెండో వైపు పోటీ. మనతో ప్రతి విషయంలో విభేదించే సహచరుడు కూడా చివరిదాకా మనతో ఉంటాడు, ప్రేమిస్తాడు కూడా. కష్టకాలంలో వదిలిపోయే ప్రమాదం ఎవరితోనంటే, కొలబద్ద మధ్యలో ఉన్నవాళ్ళతో. స్నేహమూ లేదు, తగువూ లేదు. అది విని నేను చాలాసేపు ఆలోచించాను. కొట్లాడుకునే మొగుడూ పెళ్ళాలని చూసి జాలిపడతాం మనం. మాటలు లేని ఇళ్ళని చూసి ఎంత అన్యోన్యమో అనుకుంటాం.

ఆ ఆటలో నలుగురు సహచరులు మన పాత్ర ఆడైనా మగైనా ప్రేమిస్తారు. మగవాళ్ళకి మాత్రమే ఆట చేసిపెట్టాలనుకునే కొందరికి ఇది నచ్చలేదు. ముఖ్య రచయిత డేవిడ్ గైడర్ ఆట అందరిదీ అని గట్టిగా సమాధానం చెప్పాడు. ఆయన రాసిన డోరియన్ అనే పాత్ర 2014లో మూడో భాగంలో వచ్చింది. మగవాళ్ళని ఇష్టపడే కొడుకుని మంత్రంతో మార్చేద్దామని కన్నతండ్రే సిద్ధపడతాడు. తండ్రీ కొడుకులు ఎదురుపడే ఘట్టం ఉంది. పిల్లలున్న ప్రతివారూ వినాల్సిన మాటలవి.

ఇక్కడ ఇంకో ఆడకూతురి సంగతి చెప్పాలి. ఆ కంపెనీలో షెరిల్ చీ, మేరీ కర్బీ, జెన్నిఫర్ హెప్లర్ లాంటి రచయిత్రులు చాలా పాత్రలు రాశారు. హెప్లర్ 2006లో ఒక ఇంటర్వ్యూలో, కథ కోసం ఆడేవాళ్ళకి యుద్ధాలు దాటేసే వీలుండాలి అంది. అంతే. ఆరేళ్ళ తర్వాత, 2012లో, ఎవరో ఆ మాట తవ్వి తీశారు. ఆవిడని ఇంటర్నెట్‌లో పచ్చి బూతులు తిట్టారు, ఫోన్లు చేసి వేధించారు. తమాషా ఏమిటంటే అదే ఏడాది మాస్ ఎఫెక్ట్ 3లో కథ కోసం ఆడేవాళ్ళకని యుద్ధాలు తేలిక చేసిన పద్ధతి వచ్చింది. ఆవిడ అడిగిందేమిటి? కథ. మనం వారపత్రిక రాగానే సీరియల్ పేజీ తిప్పేవాళ్ళం, అంతకంటే పెద్ద నేరమేమీ కాదు. అన్నట్టు, 2014 ఆటలో కసాండ్రా అనే మహావీరురాలు ఉంది. కత్తి పడితే ఎదురులేదు. కానీ దాచుకుని దాచుకుని ప్రేమ నవలలు చదువుతుంది! రాసినవాణ్ణి తర్వాతి భాగం రాయమని బతిమాలిస్తుంది. మా అమ్మ దిండు కింద యద్దనపూడి సులోచనారాణి నవలలు గుర్తొచ్చి ఎంత నవ్వుకున్నానో.

ఇప్పుడు ఆవలీన్. డ్రాగన్ ఏజ్ 2 మొదట్లోనే ఆవలీన్ భర్త చనిపోతాడు. ఆవిడ కొత్త ఊళ్ళో రక్షక దళంలో చేరి అధికారి అవుతుంది. ఏళ్ళు గడుస్తాయి. కింద పనిచేసే డానిక్ అంటే ఇష్టం కలుగుతుంది. చెప్పడం రాదు. కత్తి తిప్పడం వచ్చినంత తేలిగ్గా మాట రాదు. మన హీరోని పిలిచి రాగితో చేసిన బంతిపూలు అతనికిమ్మని పంపుతుంది. అతనికి అర్థం కాదు. మంచి చోట గస్తీ డ్యూటీ వేయిస్తుంది. అదీ అర్థం కాదు. ఇలా నవ్వించి నవ్వించి, చివరికి మనం మధ్యవర్తిత్వం చేసి వాళ్ళిద్దర్నీ ఒకచోట నిలబెట్టాలి. ఆవిడ మనకి ప్రియురాలు కాదు. ఆవిడ పెళ్ళి జరిగితే మనకొచ్చే లాభమేమీ లేదు. స్నేహితురాలు కాబట్టి చేస్తాం. అంతే.

ఆ రాగి బంతిపూల దగ్గరే నాకు మా అక్క గుర్తొచ్చింది. పెద్దమ్మ కూతురు. ముప్పై ఎనిమిదేళ్ళకే బావగారు గుండెపోటుతో పోయారు. పిల్లాడు అప్పుడు ఏడో క్లాసు. అక్క ఒక స్కూల్లో టీచరు. ఏడాదిన్నర తర్వాత, తోటి మాస్టారొకాయన, భార్య పోయినాయన, పెద్దమ్మ ద్వారా అడిగించారు. ఇంట్లో గుసగుసలు. ఒక సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే అక్క నన్నడిగింది, "నువ్వేమంటావే?" అని. అప్పటికి నాకు పెళ్ళై, ఇద్దరు పిల్లలు. డిగ్రీ చదివాను. చలం పుస్తకాలు చదివి వాదించినదాన్ని. నేనన్నాను కదా, "అప్పుడేనా అక్కా? రెండేళ్ళు కూడా కాలేదు. జనం ఏమనుకుంటారు?" అక్క చేతిలో చీర మడతపెట్టి, ఇంకో చీర తీసుకుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ మాస్టారు వేరే సంబంధం చేసుకున్నారు.

ఆటలో అయితే తెర మీద నాలుగు జవాబులు కనిపిస్తాయి. ఏది నొక్కాలా అని మా అమ్మాయి పది నిమిషాలు ఆలోచిస్తుంది. తప్పు నొక్కితే వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడుతుంది. డాబా మీద నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

కథ ముగిస్తాను. బాల్డర్స్ గేట్ మూడో భాగం 2023 ఆగస్టులో వచ్చింది. ఈసారి చేసింది బెల్జియంలోని ఘెంట్ ఊరి లారియన్ కంపెనీ. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆట బహుమతి దానికే. ఇందులో మొదటి నించీ జట్టులో చేరే ఆరుగురు సహచరులూ మన పాత్ర ఏ జాతైనా, ఆడైనా మగైనా ప్రేమించగలరు. ముగ్గురికి ఒకడన్న లెక్క పోయింది. ఆ ప్రేమలూ ఎదిగాయి. అస్టారియన్ అనేవాణ్ణి ఒక రక్తపిశాచి రెండు వందల ఏళ్ళు బానిసగా పెట్టుకుని, అతని అందాన్ని ఎరగా వాడుకుంది. మొదట మనతోనూ అలవాటు కొద్దీ సరసమాడతాడు, రక్షణ కోసం. తర్వాత ఒప్పుకుంటాడు. తాకడమంటే తనకి పాత రోజులే గుర్తొస్తాయని, ఊరికే పక్కన ఉండగలవా అని అడుగుతాడు. కార్లాక్ గుండె తీసేసి నరకపు యంత్రం పెట్టారు. ఎవర్ని ముట్టుకున్నా కాలిపోతారు. ఆవిడ కోరికల్లా ఎవరైనా చెయ్యి పట్టుకోవడం.

ఆ ఆటలోకి, కథా కాలంలో నూరేళ్ళు దాటాక, జహీరా తిరిగొస్తుంది. సగం ఎల్ఫ్ కాబట్టి ఆయుష్షు ఎక్కువ. జుట్టు నెరిసింది, నోరు మాత్రం అదే. కొత్తగా కలిసిన మనకి పానీయంలో నిజం చెప్పించే మందు కలిపిచ్చి పరీక్ష చేస్తుంది! ఆవిడతో ప్రేమ దారి ఇందులో లేదు. ఊళ్ళో ఆవిడ ఇంటికి వెళ్తే, పెంచుకున్న పిల్లలు. ఎప్పుడూ ఊళ్ళు పట్టుకు తిరుగుతావని పెద్దపిల్ల నిలదీస్తుంది. లోకాన్ని రక్షించే తల్లికి ఇంట్లో జవాబు దొరకదు. 1998లో భార్య, 2000లో వితంతువు, 2023లో అమ్మ. మా అమ్మాయి కళ్ళు తుడుచుకున్నది అక్కడ.

పండగ అయ్యి పిల్ల వెళ్ళిపోయాక అక్కకి ఫోన్ చేశాను. అక్కకిప్పుడు యాభై నాలుగు. కొడుకు అమెరికాలో. సాయంత్రమైతే వీధిలో పిల్లలందరూ వాళ్ళింట్లోనే, ఉచితంగా పాఠాలు చెప్తుంది. జహీరా కథంతా చెప్పాను. నవ్వుతూ విన్నది. ఆఖరికి, "అక్కా, ఆ రోజు డాబా మీద నేనన్న మాట..." అన్నాను.

"గుర్తుంది" అంది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. వెనకాల పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు.

"వద్దన్నందుకు కాదే. నాకూ భయంగానే ఉండేది. నువ్వు చిన్నదానివైనా, నీకిష్టమేనా అక్కా అని నువ్వొక్కదానివైనా అడుగుతావనుకున్నాను" అంది. "సరే ఉండు, వీళ్ళు పన్నెండో ఎక్కం తప్పు చదువుతున్నారు, తర్వాత చేస్తా" అని పెట్టేసింది.

మా అమ్మాయికి సంబంధాలు వస్తున్నాయి. వచ్చే వారం ఒకళ్ళు చూడ్డానికొస్తామన్నారు. సరేనని వాళ్ళకి చెప్పబోతూ ఆగి, ముందు దానికి ఫోన్ చేసి ఆ ఒక్క ప్రశ్న అడిగాను.

"ఆలోచించుకుని చెప్తానమ్మా" అంది.

ఆలోచించుకోనీ. తొందరేముంది?